నేల నిలకడ : అల్‌బీరూనీ గులకరాళ్ళ నుండి గోదావరి ఒండ్రు దాకా

మనిషి దేన్ని నమ్మినా నమ్మకపోయినా తన కాళ్ళ కింది నేలను నమ్ముతాడు. ఇల్లు కట్టినా, బావి తవ్వినా, పొలానికి గట్టు వేసినా, ఆ నేల రేపు కూడా ఇలాగే ఉంటుందన్న ధీమాతోనే. కొండ అంటే కదలనిది, సముద్రం అంటే తన హద్దు దాటనిది అన్న భావన అతని మనస్సులో పాతుకుపోయి ఉంటుంది. ఒక మనిషి ఆయుర్దాయానికి ఈ నమ్మకం చాలావరకు సరిపోతుంది. కాని భూమి ఆయుర్దాయం వేరు. ఆ కొలతతో చూసినప్పుడు నేటి కొండ ఒకప్పటి సముద్రగర్భమని, నేటి వరిచేను నిన్నటి సముద్రమని, నేల అనేది నిరంతరం కట్టబడుతూ, కూలుతూ, తిరిగి కట్టబడుతూ ఉండేదని తెలుస్తుంది.

దివ్య ఖుర్‌ఆన్ పర్వతాలను, నదులను, వర్షాన్ని, పరచిన నేలను పదే పదే ప్రస్తావించి, వాటిని ఆలోచనాపరులకు సూచనలుగా పేర్కొంటుంది. అన్‌కబూత్ సూరాలోని 20వ ఆయత్ భూమిపై సంచరించి సృష్టి ఆరంభాన్ని పరిశీలించవలసిందిగా మానవుణ్ణి ఆహ్వానిస్తుంది. తొలి శతాబ్దాల ముస్లిం విద్వాంసులు కొందరు ఈ ఆహ్వానాన్ని కేవలం పారాయణంతో సరిపెట్టలేదు. వారు నిజంగానే భూమిపై సంచరించారు, రాళ్ళను చేతికి తీసుకుని చూశారు. వారు ఏమి చూశారు, నేటి విజ్ఞానం దానికి ఏమి చేర్చింది, ఆ జ్ఞానం నేటి విశ్వాసిపై ఏ బాధ్యతను మోపుతున్నది అన్నవి విచారించదగిన విషయాలు.

గులకరాయి సాక్ష్యం

అబూ రైహాన్ అల్‌బీరూనీ హి. 362 (క్రీ.శ. 973)లో ఖ్వారిజమ్ ప్రాంతంలో జన్మించారు. ఖగోళం, గణితం, చరిత్ర, ఔషధశాస్త్రం అన్నిటిలోను ఆయన అందె వేసిన చేయి. హి. 416 (క్రీ.శ. 1025)లో గజ్నీ నగరంలో ఆయన పూర్తి చేసిన ఒక గ్రంథం నగరాల మధ్య దూరాలను, స్థానాలను నిర్ణయించే విధానాన్ని వివరిస్తుంది. గజ్నీ నుండి ఖిబ్లా దిశను కచ్చితంగా కనుగొనడం దాని లక్ష్యాలలో ఒకటి. నమాజు కొరకు దిశను వెదుకుతూ భూమిని కొలిచిన ఆ విద్వాంసుడు, కొలిచే భూమి ఎల్లకాలం ఒకేలా ఉందా అన్న ప్రశ్నను కూడా దాటిపోలేదు.

అరబ్బు ఎడారి ఒకప్పుడు సముద్రమని, తరువాత పూడిపోయిందని ఆయన అందులో వ్రాశారు. దానికి ఆయన చూపిన ఆధారాలు పురాణాలు కావు, బావులు. ఆ ప్రాంతంలో బావులు, చెరువులు తవ్వేటప్పుడు మట్టి, ఇసుక, గులకరాళ్ళు పొరలు పొరలుగా బయటపడతాయి. కొన్ని రాళ్ళను పగులగొడితే లోపల గవ్వలు, నత్తగుల్లలు, జనం ‘చేప చెవులు’ అని పిలిచే ఆకారాలు కనిపిస్తాయి. నీటి ప్రాణి రాతి కడుపులోకి ఎలా వచ్చింది? ఆ రాయి ఒకప్పుడు నీటి అడుగు బురద అయి ఉంటే తప్ప అది సాధ్యం కాదు.

హి. 421 (క్రీ.శ. 1030) ప్రాంతంలో పూర్తయిన ‘కితాబుల్ హింద్’లో ఆయన ఇదే దృష్టిని భారతదేశంపై సారించారు. పర్వతాల దగ్గర, నదులు ఉద్ధృతంగా ప్రవహించే చోట పెద్ద పెద్ద గుండ్రాళ్ళు ఉన్నాయి. కొండలకు దూరమై ప్రవాహం మందగించిన చోట అవి చిన్నవైనాయి. సముద్రం దగ్గరికి వచ్చేసరికి మెత్తని ఇసుక మాత్రమే మిగిలింది. ఈ మూడింటిని కలిపి ఆలోచించి, ఉత్తర భారత మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రు దానిని క్రమంగా పూడ్చి నేలగా మార్చిందని ఆయన నిర్ధారించారు.

ఈ తర్కంలోని బలం నది ఒడ్డున పుట్టిన వారెవరికైనా సులభంగా బోధపడుతుంది. వరద రోజులలో గోదావరి నుండి బిందెతో తెచ్చిన ఎర్రనీళ్ళను కదలకుండా ఉంచితే తెల్లవారేసరికి పైన తేటనీరు తేరుతుంది, అడుగున మెత్తని మట్టి పేరుకుంటుంది. తొందరగా తేరడానికి పూర్వం ఇళ్ళలో చిల్లగింజను అరగదీసి కలిపేవారు. పరుగెత్తే నీరు మోస్తుంది, ఆగిన నీరు దించుతుంది. వేగం ఎక్కువైతే బండరాయి కూడా దొర్లుతుంది, వేగం తగ్గిన కొద్దీ ముందు రాయి, తరువాత ఇసుక, చివరకు ఒండ్రు దిగబడతాయి. బిందెలో ఒక రాత్రి జరిగే పనే హిమాలయాల పాదాల నుండి వంగ సముద్రం వరకు లక్షల యేళ్ళుగా జరుగుతున్నది. గంగా మైదానం చాలా భాగం హిమాలయాల ముందున్న పల్లపు నేల పూడగా ఏర్పడిందని, అది యావత్తూ బహిరంగ సముద్రం కాదని నేటి శాస్త్రం ఆయన మాటను సవరిస్తుంది. అయినా నదులు మోసి తెచ్చిన మట్టితోనే ఆ మైదానం కట్టబడిందన్న ఆయన మూల నిర్ణయం చెక్కుచెదరలేదు.

జైహూన్ ఒడ్డు మట్టి

అల్‌బీరూనీకి సమకాలికుడైన ఇబ్నె సీనా (హి. 370–428, క్రీ.శ. 980–1037) వైద్యుడుగా సుప్రసిద్ధులు. ఆయన బృహద్గ్రంథం ‘అష్‌షిఫా’లో రాళ్ళ పుట్టుకను, పర్వతాల పుట్టుకను గురించిన ప్రకరణం ఒకటి ఉంది. బాల్యంలో తాను జైహూన్ నది (నేటి ఆమూ దర్యా) ఒడ్డున జనం తల రుద్దుకోవడానికి వాడే మట్టిని చూశానని, దాదాపు 23 యేళ్ళ తరువాత అదే మట్టి మెత్తని రాయిగా మారి ఉండటం గమనించానని ఆయన అందులో పేర్కొన్నారు. ఒక పసివాడు చూసిన దానిని పెద్దవాడై మరచిపోకుండా, మళ్ళీ వెళ్ళి పోల్చి చూడటంలోనే శాస్త్ర పరిశోధన బీజం ఉన్నది.

పర్వతాలు ఏర్పడటానికి ఇబ్నె సీనా రెండు కారణాలు చెప్పారు. మొదటిది, తీవ్రమైన భూకంపాలలో నేల పైకి లేవడం. రెండవది, గాలి, వరదనీరు మెత్తని నేలను కోసివేయగా గట్టి భాగం మాత్రం కొండగా నిలిచిపోవడం. ఈ రెండవ పని అతి దీర్ఘకాలంలో జరుగుతుందని, నేటి కొండలు కూడా క్రమంగా అరుగుతున్నాయని ఆయన అభిప్రాయపడ్డారు. రాళ్ళలోని జలచరాల అవశేషాలను, పొరల అమరికను కూడా ఆయన ప్రస్తావించారు. ఈ ప్రకరణం క్రీ.శ. 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి అనువదింపబడింది. అది అరిస్టాటిల్ గ్రంథానికి అనుబంధంగా చేర్చబడినందున ఐరోపాలో చాలాకాలం దానిని అరిస్టాటిల్ రచనగానే భావించారు. నిజమైన కర్త ఇబ్నె సీనా అని తరువాత తేలింది.

భూకంపాలకు కారణం భూగర్భంలో చిక్కుకున్న వాయువులని ఆనాటి అందరి వలెనే ఆయన కూడా తలచారు. అది సరి కాదు. కాని పైకి లేపే శక్తి ఒకటి, అరగదీసే శక్తి మరొకటి అని ఆయన చేసిన విభజన నేటికీ భూశాస్త్రానికి తొలి పాఠంగా ఉన్నది.

లోపలి నుండి లేపే శక్తి

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి ఉన్నది. లోపలి వేడి కారణంగా కింది పొర అతి మెల్లగా కదులుతుంది, పలకలు కూడా కదులుతాయి. ఆ వేగం సంవత్సరానికి కొన్ని సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు మనిషి గోరు పెరిగే వేగం. భారతదేశాన్ని మోసే పలక దక్షిణం నుండి ఉత్తరానికి ప్రయాణించి, దాదాపు 5 కోట్ల యేళ్ళ క్రితం ఆసియా ఖండాన్ని ఒరుసుకున్నది. మధ్యనున్న సముద్రం మూసుకుపోయింది, దాని అడుగు ముడతలు పడి పైకి లేచింది. ప్రపంచంలో కెల్లా ఎత్తయిన ఎవరెస్టు శిఖరాన ఉన్నది సున్నపురాయి. అందులో పురాతన సముద్ర ప్రాణుల శిలాజాలున్నాయి. అల్‌బీరూనీ బావులలో చూసిన సాక్ష్యమే అక్కడ ఎనిమిది వేల మీటర్లకు పైన నిలిచి ఉన్నది.

పలకలు ఒరుసుకోవడమే కాదు, విడిపోవడం కూడా ఉన్నది. అరేబియా పలక ఆఫ్రికా నుండి విడిపోవడం దాదాపు 3 కోట్ల యేళ్ళ క్రితం ఆరంభమైంది. ఆ చీలికలో నిండిన నీరే ఎర్ర సముద్రం. అది ఇప్పటికీ యేడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున వెడల్పవుతున్నది. పూర్వం బొంబాయి నుండి ఓడలో జిద్దాకు చేరిన హాజీలు తమకు తెలియకుండానే, ఇంకా పుడుతూ ఉన్న ఒక సముద్రంపై ప్రయాణించారు.

ఆ చీలిక సమీపంలోనే హిజాజ్‌లోని నల్లని లావా మైదానాలున్నాయి. అరబ్బులు వాటిని ‘హర్రా’ అంటారు. మదీనా నగరం తూర్పున ఒకటి, పడమట ఒకటి, ఇటువంటి రెండు నల్లరాతి నేలల నడుమ ఉన్నది. దైవప్రవక్త (స) మదీనా పవిత్ర హద్దులను పేర్కొన్నప్పుడు ఈ రెండు రాతినేలలనే గుర్తులుగా చెప్పిన విషయం హదీసు పాఠకులకు విదితమే. హి. 5లో శత్రుసేనలు దండెత్తి వచ్చినప్పుడు కందకాన్ని ఉత్తర దిశలో తవ్వవలసి వచ్చింది. ఇతర దిక్కులకు గరుకైన రాతినేల, ఖర్జూర తోటలే రక్షణగా ఉండటం అందుకు కారణం. ఎన్నడో చల్లారిన లావా ఇస్లాం చరిత్రలోని ఒక కీలక ఘట్టానికి రంగస్థలమైంది.

ఆ లావా పూర్తిగా చల్లారినది కూడా కాదు. హి. 654 (క్రీ.శ. 1256) జుమాదల్ ఆఖిర్ మాసంలో కొద్ది రోజులపాటు భూప్రకంపనలు వచ్చి, మదీనాకు ఆగ్నేయాన నేల చీలి అగ్ని ఎగసింది. 50 రోజులకు పైగా వెలువడిన లావా సుమారు 23 కిలోమీటర్లు పారి, నగరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఆగింది. మదీనా వాసులు వ్రాసిన ఉత్తరాలను దమస్కు చరిత్రకారుడు అబూ షామా తన గ్రంథంలో భద్రపరిచారు. 2009లో మదీనాకు వాయవ్యాన ఉన్న అల్ ఈస్ ప్రాంతంలో కొన్ని వారాలలో వేలాది చిన్న ప్రకంపనలు నమోదైనాయి. నేల కిలోమీటర్ల పొడవున చీలింది. భూగర్భంలో లావా కదులుతున్నదని గ్రహించిన అధికారులు వేలాది మందిని ముందుగానే తరలించారు. అది పైకి రాకుండానే ఆగిపోయింది. 654లో జనానికి అందుబాటులో లేని ఒక సాధనం 2009లో ఉన్నది. అది నేల కింది కదలికను పైనుండి చదవగల విద్య.

లోపలి శక్తి ఒక్క క్షణంలో నేల ఎత్తును మార్చిన సందర్భం భారతదేశంలోనే ఉన్నది. 1819 జూన్ 16న కచ్ ప్రాంతాన్ని తీవ్ర భూకంపం కుదిపివేసింది. అహ్మదాబాదు జామా మసీదు మీనార్లు విరిగిపడ్డాయి. రణ్ ప్రాంతంలో సింద్రీ కోట చుట్టూ నేల కుంగి సముద్రపు నీరు కమ్ముకున్నది. దానికి ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల పొడవున నేల పైకి లేచి, నదికి అడ్డంగా సహజమైన గట్టు ఏర్పడింది. అంతకు పూర్వం ఆ నదిపై మనుషులు కట్టిన కట్టలు అనేకం ఉండేవి. వాటి నుండి వేరుగా గుర్తించడానికి స్థానికులు దీనిని ‘అల్లాహ్ బంద్’ అన్నారు. ఆ పేరే భూశాస్త్ర గ్రంథాలలో స్థిరపడింది. 1826లో వచ్చిన వరద ఆ గట్టును కూడా తెంచుకుని పారింది. లోపలి శక్తి కొన్ని నిమిషాలలో కట్టినదానిని బయటి శక్తి 7 యేళ్ళలో కోయడం మొదలుపెట్టింది. భూతలం యావత్తు కథ ఈ ఒక్క సంఘటనలో ఇమిడి ఉన్నది.

వెలుపలి నుండి అరగదీసే శక్తి

లేపే శక్తి చప్పుడు చేస్తుంది కాబట్టి అందరి దృష్టిలో పడుతుంది. అరగదీసే శక్తి నిశ్శబ్దంగా పని చేస్తుంది. ఎండకు రాయి వ్యాకోచిస్తుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. పగుళ్ళలోకి దిగిన వాననీరు రాతిలోని కొన్ని ఖనిజాలను మట్టిగా మారుస్తుంది. ఆ పగుళ్ళలోనే చెట్టు వేరు తన దారి చేసుకుంటుంది. హైదరాబాదు చుట్టూ ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచిన గుండ్లను ఎవరూ తెచ్చి పెట్టలేదు. దాదాపు 250 కోట్ల యేళ్ళ నాటి గ్రానైటు శిల నేల లోపలే పగుళ్ళ వెంబడి అరిగి, మెత్తబడిన మట్టి వానకు కొట్టుకుపోగా, గట్టి నడిబొడ్లు అక్కడే మిగిలిపోయాయి. ఇబ్నె సీనా చెప్పిన రెండవ కారణానికి గోల్కొండ పరిసరాలను మించిన నిదర్శనం దొరకదు.

నీరు తక్కువగా ఉన్న చోట నీటి శక్తి తక్కువని భావించడం పొరపాటు. చెట్టూ చేమా లేని మక్కా కొండలపై అరుదుగా కురిసే వాన ఇంకడానికి మెత్తని నేల ఉండదు. అది ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. పవిత్ర కాబా ఆ లోయ పల్లంలోనే ఉన్నది. హి. 1039 (క్రీ.శ. 1630)లో వచ్చిన వరద వల్ల కాబా గోడలు కూలగా, ఉస్మానీ సుల్తాను నాల్గవ మురాద్ కాలంలో పునర్నిర్మాణం జరిగింది. అరబ్బు ద్వీపకల్పం దక్షిణాన రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఈ పని గాలిది. అక్కడ ఇసుకతిన్నెలు కొన్ని 250 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతాయి.

ఒండ్రు కట్టిన సీమ

కొండ అరిగితే ఆ మట్టి ఏమవుతుంది? ఏదీ వృథా కాదు. అర్‌రఅద్ సూరాలోని 17వ ఆయత్ సత్యాసత్యాలకు వరదనీటిని ఉపమానంగా చూపుతుంది. పైన తేలే నురుగుకు అందులో అసత్యం స్థానం, జనానికి ఉపయోగపడుతూ నేలలో నిలిచే దానికి సత్యం స్థానం. అది ధర్మాన్ని బోధించే ఉపమానమే కాని భూశాస్త్ర పాఠం కాదు. అయినా ఆ ఉపమానంలోని దృశ్యం తెలుగువారికి కంటి ఎదుటి అనుభవం.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల యేళ్ళ నాడు దక్కన్‌పై పొంగిన లావా నల్లరాయిగా గట్టిపడింది. ఆ రాయి అరిగి ఏర్పడిన నల్లమట్టిలో కొంత ఈ నదుల వెంట తూర్పుకు వచ్చింది. సముద్రాన్ని చేరిన చోట ప్రవాహం ఆగింది, ఒండ్రు దిగింది, నేల ముందుకు జరిగింది. గత కొన్ని వేల యేళ్ళలో తీరం పదుల కిలోమీటర్లు సముద్రంలోకి నడిచింది. నేటికీ డెల్టా లోపల, సముద్రానికి ఎంతో దూరంగా, తీరానికి సమాంతరంగా ఇసుక మెరకలు వరుసలుగా కనిపిస్తాయి. అవి ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. రెండు డెల్టాల నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు.

కోస్తా అన్నపూర్ణ అనిపించుకున్న ఈ సీమ ఇలా ఒండ్రుతో కట్టబడిన కానుక. కాని ఈ కానుకకు ఒక షరతు ఉన్నది. ఒండ్రు నేల తన బరువుకు తానే మెల్లగా కుంగుతుంది, సముద్రం నిత్యం దాని అంచును కోస్తుంది. ఏటేటా కొత్త ఒండ్రు వస్తేనే ఆ నష్టం భర్తీ అవుతుంది. రాబడి, ఖర్చు సమంగా ఉన్నంతకాలమే డెల్టా నిలుస్తుంది.

గత శతాబ్ది మధ్యభాగం నుండి రెండు నదులపై, వాటి ఉపనదులపై పెద్ద ఆనకట్టలు అనేకం వెలిశాయి. అవి పొలాలకు నీరిచ్చాయి, ఊళ్ళకు వెలుగునిచ్చాయి, కరువును తగ్గించాయి. ఆ మేలును కాదనడానికి లేదు. కాని నీటిని ఆపిన చోట ఒండ్రు కూడా ఆగుతుంది. అల్‌బీరూనీ చూపిన సూత్రం జలాశయానికి కూడా వర్తిస్తుంది. శ్రీశైలం జలాశయం మొదట 308 టి.ఎం.సి.ల నీటిని పట్టగలిగేది. పూడిక చేరి ఆ సామర్థ్యం దాదాపు 215 టి.ఎం.సి.లకు పడిపోయింది. డెల్టా అంచుకు చేరవలసిన మట్టి అక్కడ నీటి అడుగున పడి ఉన్నది. గోదావరి సముద్రానికి మోసే ఒండ్రు 1970 దశకంతో పోలిస్తే 1990 దశకంలో సగానికన్నా తక్కువైంది. కృష్ణలో చివరకు చేరేది అత్యల్పం. మరోవైపు, భూగోళం వేడెక్కుతున్నందున 1900 నుండి ప్రపంచ సముద్రమట్టం సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. డెల్టా తీరంలో అనేక చోట్ల నేల కోతకు గురవుతున్నది. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఇళ్ళను, రోడ్డును మింగుతూ వస్తున్నది.

ఇది కేవలం లెక్కల విషయం కాదు. 1864లో మచిలీపట్నంలో ఉప్పెన దాదాపు 30 వేల మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. అలలకు అడ్డు నిలిచేవి మెరకనేల, ఇసుక దిబ్బలు, మడ అడవులు. దిబ్బలను తవ్వి ఇసుక అమ్ముకోవడం, మడ అడవులను నరికి రొయ్యల చెరువులు వేయడం తీరవాసుల ఇంటి ప్రహరీని పడగొట్టడంతో సమానం. అర్‌రహ్మాన్ సూరాలో ప్రస్తావింపబడిన తూనిక, అంటే మీజాన్, అంగడిలోని త్రాసుకు మాత్రమే పరిమితమైనది కాదు. కొండ అరుగుదలకు, నది మోతకు, తీరం పెరుగుదలకు మధ్య కూడా ఒక తూనిక ఉన్నది. దానిని తగ్గించేవాడు తన పొరుగువాని వాటాను తగ్గిస్తున్నాడు.

సూచనలను చదివే తీరు

ఈ విషయంలో విశ్వాసులు రెండు తొందరపాట్ల నుండి జాగ్రత్త వహించవలసి ఉన్నది.

మొదటిది, ప్రతి కొత్త సిద్ధాంతాన్నీ ఖుర్‌ఆన్ ఆయత్‌లతో ముడిపెట్టే తొందర. అన్‌నబా సూరాలో పర్వతాలు మేకులతో పోల్చబడినాయి. పర్వతాలకు భూగర్భంలో లోతైన వేళ్ళు ఉన్నాయన్న ఆధునిక నిర్ణయాన్ని కొందరు ఈ పోలికలో చూస్తారు. అన్‌నమ్ల్ సూరా 88వ ఆయత్‌లో పర్వతాలు మేఘాల వలె సాగిపోవడాన్ని గురించిన ప్రస్తావనను మరికొందరు పలకల కదలికకు అన్వయిస్తారు. కాని దాని ముందున్న ఆయత్ శంఖం ఊదబడే దినాన్ని గురించినది. అందువల్ల వ్యాఖ్యాతలలో అధికులు దానిని ప్రళయ దృశ్యంగానే గ్రహించారు. ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో ప్రతిపాదించినప్పుడు శాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరించలేదు, 1960 దశకంలో గాని అది స్థిరపడలేదు. 1930లో ఎవరైనా నాటి శాస్త్రాన్ని నమ్మి, ఖండాల నిశ్చలతకు ఆయత్‌లను సాక్ష్యంగా చూపి ఉంటే నలభై యేళ్ళలో వారి మాట ఏమై ఉండేది? శాస్త్రం సవరించుకుంటూ సాగుతుంది, అదే దాని గుణం. దైవగ్రంథం మార్గదర్శకత్వం కొరకు వచ్చింది. అది పరిశీలించమని ప్రోత్సహిస్తుంది, పరిశీలన ఫలితాలను మానవుడే శ్రమించి కనుగొనాలి. అల్‌బీరూనీ అనుసరించిన మార్గం కూడా ఇదే. ఆయన గులకరాళ్ళను గులకరాళ్ళ ఆధారంగానే వివరించారు.

రెండవది, విపత్తు వచ్చిన ప్రతిసారీ అది ఫలానా వారి పాపఫలమని తీర్పు చెప్పే తొందర. హి. 10లో ప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం ఏర్పడింది. ఆ మరణం కారణంగానే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. సూర్యచంద్రులు దేవుని సూచనలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ఆయన వెంటనే ఆ భావాన్ని ఖండించారు. తన సొంత దుఃఖాన్ని కూడా ప్రకృతి నియమంతో ముడిపెట్టనివ్వని ప్రవక్తను అనుసరించేవారు, పొరుగువారి దుఃఖాన్ని పాపంతో ముడిపెట్టడం ఎంతవరకు సమంజసం? పైగా, కూలిన కట్టడం కింద పడి మరణించిన విశ్వాసి షహీదుల కోవలోకి వస్తాడని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. విపత్తును చూసి ప్రతి మనిషి తన ఆత్మవిమర్శ చేసుకోవచ్చు, పరలోకాన్ని స్మరించవచ్చు. ఇతరుల శవాలపై తీర్పు వ్రాసే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు ప్రాంతాన్ని భూకంపం తాకింది. దక్కన్ పీఠభూమి గట్టి రాతి గడ్డ, అది కదలదని అంతకు ముందు చాలామంది నమ్మకం. ఆ భూకంపం పెద్ద భూకంపాల కోవలోకి రాదు. అయినా దాదాపు 10 వేల మంది మరణించారు. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటిపై బరువైన మిద్దెలు నిద్రలో ఉన్నవారిపై కూలాయి. నేల కదలడం మానవుని చేతిలో లేదు. గోడ ఎలా కట్టాలన్నది అతని చేతిలోనే ఉన్నది. ముందు ఒంటెను కట్టి, తరువాత దైవంపై భారం వేయమన్న ప్రవక్త (స) బోధకు ఇంతకన్న స్పష్టమైన అన్వయం ఉండదు.

భూమిపై మానవుడు ఖలీఫా, అంటే ప్రతినిధి. ప్రతినిధికి అప్పగింపబడిన ఆస్తి స్వభావం తెలిసి ఉండాలి. ఈ ఆస్తి నిశ్చలమైనది కాదు. అది లేస్తుంది, అరుగుతుంది, ఒకచోట నుండి మరోచోటికి మోయబడుతుంది. కాని ఆ మార్పు వెనుక ఉన్న నియమం మారదు. పరుగెత్తే నీరు మోస్తుంది, ఆగిన నీరు దించుతుంది. వేయి యేళ్ళ క్రితం ఒక విద్వాంసుడు వంగి తీసిన గులకరాయిలో ఈ నియమాన్ని చదివాడు. నేడు వరదనీరు తేరిన బిందె అడుగున, శ్రీశైలం పూడికలో, ఉప్పాడ తీరాన తెగిన రోడ్డులో అదే నియమం వ్రాసి ఉన్నది. ఇల్లు కట్టే ముందు, ఇసుక తవ్వే ముందు, చెరువు వేసే ముందు దానిని చదవడం ప్రతినిధి కర్తవ్యం.